మోడల్ రైలు పెట్టెలకు రంగులు, ఇంటి డెకాల్స్

అసలు రైలును కొలత తప్పకుండా కుదించి, ఆ నమూనాలను పట్టాల మీద నడపడం ఐరోపా, అమెరికా, జపాన్‌లలో లక్షల మందికి ఇష్టమైన వ్యాపకం. అందులో ఒక పెద్ద భాగం పెట్టెల అలంకరణ. కంపెనీ అమ్మిన పెట్టెను ఉన్నదున్నట్టు పట్టాలెక్కించకుండా, దానికి తమకు కావలసిన రైల్వే రంగు వేసి, పేరు, నెంబరు, బరువుల వివరాలు, గుర్తులు అద్దుకోవడమే ఈ పని. రంగు సీసాల్లో దొరుకుతుంది. అక్షరాలకు డెకాల్ కావాలి. నీళ్లలో తడిపితే కాగితం మీంచి జారి వచ్చే అతి పలుచని పారదర్శక పొర డెకాల్. దాని మీద అక్షరాలు ముందే అచ్చయి ఉంటాయి. కావలసిన అచ్చు బజారులో దొరకనప్పుడు కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని ఇంట్లోనే చేసుకుంటారు. ఈ వ్యాసంలో చెప్పేది ముఖ్యంగా అమెరికా గూడ్సు పెట్టెల గురించి. భారత రైల్వే పెట్టెలకు ఈ పద్ధతి ఎలా పనికొస్తుందో చివర్లో ఉంది.

కొలతలు

అమెరికాలో ఎక్కువ మంది వాడేది హెచ్‌ఓ కొలత. ఇది అసలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. 40 అడుగుల బాక్స్‌కార్, అంటే నాలుగు వైపులా మూసి ఉండే గూడ్సు పెట్టె, ఈ కొలతలో సుమారు 14 సెం.మీ. పొడవుంటుంది. ఎన్ కొలత ఇంకా చిన్నది, 160వ వంతు. అమెరికా ఓ కొలత 48వ వంతు. బ్రిటన్‌లో 76వ వంతుకు కుదించిన డబుల్ ఓ కొలత వాడుకలో ఉంది. దాన్ని నడిపేది మాత్రం హెచ్‌ఓ పట్టాల మీదే.

ఈ పనిలో ప్రతి నిర్ణయానికీ మూలం కొలతే. గన్‌తో కొట్టిన మంచి రంగు పూత ఒకటి 25 మైక్రాన్ల మందం ఉందనుకుందాం. హెచ్‌ఓ లెక్కలో దాన్ని 87తో హెచ్చిస్తే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. అసలు పెట్టెకు ఎవరూ రెండు మిల్లీమీటర్ల మందాన రంగు పూయరు. అలాంటి పూతలు మూడు పడితే రివెట్ల తలలు, తలుపు అంచులు, చెక్క పలకల సందులు మునిగిపోతాయి. రంగు, వార్నిష్, డెకాల్ అన్నీ ఎంత పలుచగా ఉంటే పెట్టె అంత నిజంగా కనిపిస్తుంది. మిగతా నియమాలన్నీ దీని నుంచి పుట్టినవే.

ఎందుకు చేసుకుంటారు

అమెరికా గూడ్సు పెట్టె ప్రతిదాని మీదా యజమానిని తెలిపే రెండు నుంచి నాలుగు అక్షరాలు, వాటి పక్కన నెంబరు ఉంటాయి. యూపీ అంటే యూనియన్ పసిఫిక్, ఎస్‌పీ అంటే సదరన్ పసిఫిక్. చివర ఎక్స్ ఉంటే ఆ పెట్టె రైల్వే సంస్థది కాదు, జీఏటీఎక్స్ లాంటి ప్రైవేటు యజమానిది. అక్షరాలు, నెంబరు రెండూ కలిసి ఒకేలా ఉన్న పెట్టెలు ఒకే కాలంలో రెండు ఉండవు. మోడల్ కంపెనీ మాత్రం తరచు ఒక రంగులో కొన్ని నెంబర్లే అచ్చేసి ఆపుతుంది. బొగ్గు బండి కట్టాలని ఇరవై హాపర్లు, అంటే బొగ్గు మోసే పెట్టెలు, కొన్నవాడికి ఒకే నెంబరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అలంకరణలోకి చాలామంది అడుగుపెట్టేది ఈ నెంబర్లు మార్చడంతోనే.

రెండో కారణం కాలం. గూడ్సు పెట్టె మీది గుర్తులు తెలిసినవారు ఆ పెట్టె ఏ ఏళ్లలో తిరిగిందో దాదాపుగా చెప్పేయగలరు. 1966 తర్వాత కట్టిన బాక్స్‌కార్లకు పైకప్పు మీద నడకపలక లేదు. రంగు చారల బార్‌కోడ్ పలకలు 1967లో వచ్చి, పదేళ్లు తిరిగేసరికి మూలపడ్డాయి. బేరింగులు, బ్రేకుల తనిఖీ తేదీలు రాసే నల్లని చిన్న పలకలు 1970ల మొదట్లో వచ్చాయి. నల్ల చదరంలో పసుపు లేదా తెల్ల చుక్క 1978 నాటి చక్రాల తనిఖీ గుర్తు. 1955 నాటి ఊరు కట్టుకున్నవారి పట్టాల మీద పసుపు చుక్క ఉన్న పెట్టె నడిస్తే, పక్కన స్టేషన్ ఎంత చక్కగా కుదిరినా లెక్క తప్పినట్టే.

మూడో కారణం కల్పన. లోకంలో లేని రైల్వేను ఊహించి, దానికి పేరు, చిహ్నం, రంగులు పెట్టి, నిజంగా ఉండి ఉంటే ఇలాగే ఉండేదనిపించేలా నడిపేవారున్నారు. అలెన్ మెక్‌క్లెలాండ్ వర్జీనియన్ అండ్ ఒహాయో, టోనీ కోస్టర్ అల్లెఘేనీ మిడ్‌లాండ్ ఈ దారిలో పేరు మోసిన రైల్వేలు. ఇలాంటి రైల్వేకు అక్షరాలు తయారుగా దొరికే ప్రశ్నే లేదు. ఇంటి డెకాల్ ఎక్కువగా ఉపయోగపడేది ఇక్కడే.

కొంత చరిత్ర

పాత బొమ్మ రైళ్లలో చాలావాటికి రంగు రేకు మీదే అచ్చయ్యేది. 1859లో మొదలైన జర్మనీ సంస్థ మెర్క్‌లిన్, 1900లో న్యూయార్క్‌లో పుట్టిన లయనెల్ తొలినాళ్లలో చేసినవి బొమ్మలే. కొలతకన్నా మెరుపు ముఖ్యం. మిల్వాకీలో అల్ కాల్‌మ్‌బాక్ 1934 జనవరిలో మోడల్ రైల్‌రోడర్ పత్రిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది అదే ఊళ్లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడింది. కొలతకు కట్టుబడి పనిచేసే తరం అప్పుడు పుంజుకుంది. చెక్క, అట్ట, లోహం కిట్‌లు కొనుక్కుని, అతికించి, రంగు వేసి, డెకాల్ అద్దడం వారికి మామూలు పని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆథర్న్ లాంటి సంస్థల ప్లాస్టిక్ కిట్‌లు చవగ్గా వచ్చాయి. అక్షరాలతో సహా రంగు వేసిన పెట్టెలే డబ్బాల్లో వచ్చేవి. పని తగ్గింది, అందరి పెట్టెలూ ఒకేలా తయారయ్యాయి.

కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డాఫెటిడ్ రైల్వే మరో దారి చూపింది. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ అయిన అలెన్ పెట్టెలకు దుమ్ము, తుప్పు, వాన చారలు వేసి, వాటిని పని చేసి అలసిన బండ్లలా చూపాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ రైల్వే అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోయింది. ఈనాటికీ పాతదనం అద్దే ప్రతి ఒక్కరిలో ఆయన ప్రభావం ఉంది.

రంగు వేయడం

కంపెనీ రంగు తీసేయాలా, దాని మీదే వేయాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. పాత అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటే కొత్త రంగు కింద నుంచి నీడలా కనిపిస్తాయి కాబట్టి తీసేయడమే మేలు. చాలా ప్లాస్టిక్ పెట్టెల రంగు 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. అసిటోన్, లాకర్ థిన్నర్ దగ్గరికి పోకూడదు. అవి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌నే కరిగించేస్తాయి. చక్రాలు, కొక్కేలు విప్పి పక్కన పెట్టి, పెట్టెను గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. ఆ తర్వాత చేతి తొడుగు లేకుండా తాకకూడదు. వేలి జిడ్డు ఉన్న చోట రంగు పట్టదు.

ముందు వేసే అడుగు పూత, అంటే ప్రైమర్, సాధారణంగా బూడిద రంగు. పసుపు, నారింజ కింద మాత్రం తెల్లదే వేయాలి. ఆ రంగులకు కింది రంగును కప్పే శక్తి తక్కువ. పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ వారి నారింజ శీతల పెట్టెను బూడిద ప్రైమర్ మీద మొదలుపెడితే ఎన్ని పూతలు వేసినా మసక పోదు, ఈలోగా పలకల సందులు పూడిపోతాయి.

ఎయిర్‌బ్రష్ ఉంటే పలుచని పూతలు సులువు. రంగును పాల చిక్కదనానికి పలుచన చేసి, 15 నుంచి 25 పీఎస్ఐ ఒత్తిడితో, జానెడు లోపు దూరం నుంచి, పెట్టె అంచు దాటిన చోట మొదలుపెట్టి అవతలి అంచు దాటేదాకా ఆపకుండా లాగాలి. మొదటి పూతకే రంగు నిండాలని చూడకూడదు. ఎయిర్‌బ్రష్ లేనివారు మంచి స్ప్రే డబ్బాతో సరిపెట్టుకోవచ్చు. రెండు రంగులుంటే లేత రంగు ముందు వేసి, దాన్ని టేపుతో కప్పి, ముదురు తర్వాత వేయాలి. టేపు అంచు నుంచి రంగు కిందికి పాకకుండా, ముందుగా ఆ అంచు మీద అదే లేత రంగును ఇంకోసారి పలుచగా కొట్టడం పాతవాళ్ల చిట్కా. పాకితే లేత రంగే పాకుతుంది, కంటికి తెలియదు. ద్రావక రంగులకు గాలి లాగే ఫ్యాను, ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి.

ఏ ఛాయ సరైనదనే వాదన ఎప్పటికీ తెగదు. అమెరికా బాక్స్‌కార్ల ఇటుక ఎరుపు ఐరన్ ఆక్సైడ్ నుంచి వచ్చింది. చవక, మన్నిక అందుకు కారణం. అది రైల్వే రైల్వేకూ, కొన్నిసార్లు వర్క్‌షాపు వర్క్‌షాపుకూ మారేది. ఎండకు వెలిసేది. ఫ్లోక్విల్ అనే మోడల్ రంగుల వరుస 2013లో ఆగిపోయినప్పుడు, తమ రైల్వేకు సరిపోయే సీసా పోయిందని చాలామంది బాధపడ్డారు. అయినా రంగును సరిచూడాల్సింది సీసా మూత మీద కాదు, పెట్టె నడిచే గది దీపాల కింద. గదిలోని వెలుతురు పగటి ఎండకన్నా చాలా తక్కువ కాబట్టి కొందరు రంగులో కాస్త తెలుపు కలుపుతారు. అది సమంజసమైన పనే.

డెకాల్ తయారీ

డెకాల్ కాగితానికి మూడు పొరలు. అడుగున కాగితం, దాని మీద నీటిలో కరిగే జిగురు, పైన పారదర్శక పొర. అచ్చు పడేది ఆ పై పొర మీద. ఇంక్‌జెట్ కాగితం వేరు, లేజర్ కాగితం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే లేజర్ ప్రింటర్ వేడికి పొర కరిగి యంత్రానికి అతుక్కోవచ్చు.

బొమ్మను వెక్టర్ పద్ధతిలో, అంటే చుక్కలుగా కాక గీతలుగా, గీయాలి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పెట్టెను ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో, తెలిసిన ఒక కొలతను ఆధారంగా తీసుకుని అక్షరాల ఎత్తు లెక్కగడతారు. అసలు మీద 9 అంగుళాల అక్షరం హెచ్‌ఓలో 2.6 మి.మీ. అవుతుంది. అంగుళం ఎత్తున్న చిన్న అక్షరాలు 0.29 మి.మీ. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల ప్రింటర్ వేసే ఒక్కో చుక్క 0.042 మి.మీ. కాబట్టి, ఆ అక్షరానికి పై నుంచి కింది దాకా ఏడు చుక్కలే దక్కుతాయి. ఏడు చుక్కల్లో ఇంగ్లీషు పెద్దక్షరం గుర్తుపట్టేలా ఉంటుంది, అంతకన్నా తగ్గితే మచ్చే. 300 డీపీఐతో మొదలుపెట్టి అక్షరాలు స్పష్టంగా రాలేదని కాగితాన్ని తిట్టుకోవడంలో అర్థం లేదు.

అసలు చిక్కు తెలుపుతో వస్తుంది. ఇంటి ప్రింటర్‌కు తెల్ల ఇంకు ఉండదు. తెల్లగా ఉండాల్సిన చోట అది ఏమీ వేయకుండా వదిలేస్తుంది. అమెరికా గూడ్సు పెట్టెల్లో అధిక భాగం ఇటుక ఎరుపు మీదో నలుపు మీదో తెల్ల అక్షరాలు. పారదర్శక కాగితం మీద పసుపు అచ్చేసినా అదే కథ. ఇంకు పలుచన, ముదురు రంగు మీద పెడితే కనపడదు. ఇందుకు కొన్ని మార్గాలు కనిపెట్టారు. తెల్ల డెకాల్ కాగితం మీద పెట్టె రంగునే నేపథ్యంగా అచ్చేసి, అక్షరాలను ఖాళీగా వదిలి, మొత్తం పలకగా కత్తిరించి అతికించడం ఒకటి. పెట్టె రంగు, ప్రింటరు రంగు కలవడం కష్టం కనుక ఇది చిన్న పలకలకే బాగుంటుంది. గుండ్రని చిహ్నాలకు, ప్రకటన బొమ్మలకు అంచు వెంట కత్తిరించిన తెల్ల కాగితం చక్కగా సరిపోతుంది. ఆల్ప్స్ సంస్థ మైక్రోడ్రై ప్రింటర్లు రిబ్బన్ నుంచి నిజమైన తెలుపు, లోహపు మెరుపు అచ్చేసేవి. వాటి తయారీ ఆగిపోయినా, ఉన్న యంత్రాలను ప్రాణంగా కాపాడుకుంటూ ఇతరులకు డెకాల్స్ వేసిచ్చేవారు ఉన్నారు. తెల్ల టోనర్ లేజర్ ప్రింటర్లు ఇప్పుడు దొరుకుతున్నా ఖరీదెక్కువ. మైక్రోస్కేల్ లాంటి సంస్థల తెల్ల అక్షరాల షీట్లు కొని, ఒక్కో అక్షరం పేర్చి పేరు కట్టడం అన్నిటికన్నా పాత పద్ధతి. ఓపిక ఉన్నవారికి ఈనాటికీ అన్నిటికన్నా మంచి ఫలితం ఇచ్చేది ఇదే. పెద్ద తెల్ల అక్షరాలకు ఇది, రంగుల చిహ్నానికి ఇంటి ప్రింటరు అని పని పంచుకుంటే ఎక్కువ పెట్టెలు సాధ్యమవుతాయి.

ఇంక్‌జెట్ ఇంకు నీటికి చెదురుతుంది. అచ్చేసిన షీటును కొన్ని గంటలు ఆరనిచ్చి, పారదర్శక అక్రిలిక్‌ను రెండు మూడు పలుచని విడతలుగా కొట్టి, మళ్లీ ఆరనివ్వాలి. లేజర్ టోనర్‌కు నీటి భయం లేదు కానీ మడతల దగ్గర పొలుసులా లేస్తుంది, దానికీ ఒక పలుచని రక్షణ పూత మంచిదే.

అతికించడం

మెరుపు లేని మాట్ రంగు మీద డెకాల్ అతికించకూడదు. కంటికి నునుపుగా కనిపించే మాట్ పూత నిజానికి గరుకు. ఆ గుంటల్లో గాలి చిక్కుకుని, పొర కింద వెండి మెరుపులా తేలుతుంది. ఒకసారి తేలాక దాన్ని పోగొట్టడం కష్టం. అందుకే ముందు మెరిసే గ్లాస్ పూత, దాని మీద డెకాల్, అన్నీ ముగిశాక మాట్ పూత. ఈ క్రమాన్ని మార్చి బాగుపడ్డవారు లేరు.

కొత్త బ్లేడుతో అక్షరాలకు దగ్గరగా కత్తిరించి, మూలలు గుండ్రం చేయాలి. గోరువెచ్చని నీటిలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి, పేపర్ నాప్కిన్ మీద ఒక నిమిషం ఉంచాలి. నీటిలోనే వదిలేస్తే జిగురంతా కరిగిపోతుంది. పెట్టె మీద మైక్రో సెట్ లాంటి ద్రవాన్ని కుంచెతో తడిపి, కాగితాన్ని ఆనించి, పొరను కుంచె మొనతో జరపాలి. పటకారుతో ఎత్తితే ముడుచుకుంటుంది. పొడవాటి పేరు వంకర పోకుండా కింద మాస్కింగ్ టేపు అంచును గీతలా పెట్టుకోవాలి. నీటిని నాప్కిన్ అంచుకు పీల్చనిచ్చి, కాస్త పట్టాక మైక్రో సాల్ లాంటి మెత్తబరిచే ద్రవం పూస్తే పొర రివెట్ల మీద, పలకల సందుల్లో ఒదిగిపోతుంది. ఆ సమయంలో పొర ముడతలు పడి భయపెడుతుంది. ముట్టుకోకూడదు. ఆరితే అదే సర్దుకుంటుంది. మరుసటి రోజు దీపానికి ఏటవాలుగా పట్టి చూసి, గాలి బుడగలను సూదితో పొడిచి మళ్లీ ద్రవం వేయాలి. ఇంటి డెకాల్స్ మీద ఈ ద్రవాన్ని పలుచన చేసి వాడాలి. పైన కొట్టిన అక్రిలిక్ పూత దానికి తట్టుకోలేక కరగవచ్చు. ముందుగా వృథా ముక్క మీద పరీక్షించడం మంచిది.

ఒక ఉదాహరణ

శాంటా ఫే రైల్వే 1940లలో తన బాక్స్‌కార్లకు ఒక వైపు తన మార్గాల పటం, రెండో వైపు తన ప్రయాణికుల బండి పేరు వేసేది. చీఫ్, సూపర్ చీఫ్, ఎల్ క్యాపిటన్, స్కౌట్ అనే బండ్ల పేర్లు, గ్రాండ్ కాన్యన్ లైన్ అనే నినాదం, ఇలా ఒకే రకం పెట్టెల మీద ఐదు రకాల రాతలు. సరుకు మోసే పెట్టె ఊరూరా తిరుగుతూ ప్రయాణికులను పిలిచేదన్నమాట. అలంకరణ చేసేవారికి ఇంతకు మించిన పండుగ లేదు. ఒకే ఎరుపు రంగు సీసాతో ఐదు పెట్టెలు వేసి, ఐదు రాతలు, ఐదు నెంబర్లు అద్దితే బండి నిండుగా ఉంటుంది. అంతకు ముందు తరంలో మాంసం, బీరు, పాల కంపెనీలు శీతల పెట్టెలను అద్దెకు తీసుకుని రంగురంగుల ప్రకటనలతో నింపేవి. 1934లో అమెరికా అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘం ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసింది. వాటి మోడళ్లు అందంగా ఉంటాయి కానీ 1950ల బండిలో తగిలించకూడదు.

పాతదనం, అతుకులు

అసలు పెట్టెను ఎప్పటికప్పుడు మళ్లీ తూచి, ఖాళీ బరువును, తూచిన చోటును, తేదీని కొత్తగా రాసేవారు. పాత రంగు మీద ఆ చిన్న కొత్త పలక మెరుస్తూ కనిపించేది. ఒక సంస్థ ఇంకో దానిలో కలిస్తే మొత్తం రంగు మార్చేంత తీరిక ఉండేది కాదు. పేరు మీద ఒక అతుకు రంగు కొట్టి కొత్త అక్షరాలు, నెంబరు రాసి వదిలేవారు. 1970లో బర్లింగ్టన్ నార్తర్న్, 1976లో కాన్‌రైల్ ఏర్పడిన తర్వాత ఇలాంటి పెట్టెలు ఏళ్ల తరబడి తిరిగాయి. వీటిని మోడల్‌లో చూపడానికి క్రమం ముఖ్యం: ముందు పెట్టెంతా వెలిసినట్టు, మురికి పట్టినట్టు చేసి, ఆ తర్వాతే శుభ్రమైన అతుకు, కొత్త నెంబరు. మురికికి పలుచని నలుపు, గోధుమ రంగు నీళ్లు, పొడి పాస్టెల్‌లు వాడి, పైన మాట్ పూతతో బిగిస్తారు.

హక్కుల విషయం

సొంత పెట్టెకు సొంతంగా అద్దుకోవడం వేరు, రైల్వే చిహ్నాలతో డెకాల్స్ అచ్చేసి అమ్మడం వేరు. యూనియన్ పసిఫిక్ 2000ల మొదట్లో తన గుర్తులు వాడే మోడల్ కంపెనీలను లైసెన్సు రుసుం అడిగింది. వివాదం కోర్టుకెక్కింది. 2006లో ఎంటీహెచ్ సంస్థతో రాజీ కుదిరాక రుసుం పట్టు సడలించింది. అమ్మదలచినవారు ఆయా సంస్థల అనుమతి చూసుకోవాలి.

భారత రైల్వే పెట్టెలు, తెలుగు అక్షరాలు

మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87వ వంతుకు కుదిస్తే 19 మి.మీ. దాటుతుంది. అయినా పట్టాలు, చక్రాలు తేలిగ్గా దొరుకుతాయని ఇక్కడివారు 16.5 మి.మీ. హెచ్‌ఓ పట్టాలకే సర్దుకుంటారు. పెరంబూరులోని ఐసీఎఫ్ కట్టిన పాత తరహా బోగీ ఈ కొలతలో సుమారు 24.5 సెం.మీ. ఉంటుంది. విదేశీ పెట్టెలతో పోలిస్తే మన బండ్ల మోడళ్లు తక్కువ కాబట్టి, రంగు, డెకాల్ పని వచ్చినవారికి ఇక్కడ చేయాల్సింది చాలా ఉంది.

మన నెంబర్లకూ అర్థం ఉంది. గూడ్సు వ్యాగన్‌కు 11 అంకెలు: మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది సరిచూసే అంకె. బోగీల మీద చాలాకాలం ఐదంకెలే. మొదటి రెండు సంవత్సరం, మిగిలిన మూడు రకాన్ని తెలిపేవి. 201 నుంచి 400 దాకా స్లీపర్. 98234 అని రాస్తే అది 1998 నాటి స్లీపర్ బోగీ. దాన్ని 1990లకు ముందున్న మెరూన్ రంగు మీద అతికిస్తే తప్పు దొరికిపోతుంది. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను చేయదలిస్తే ఏ దశాబ్దపు గోదావరి అన్నది ముందు తేల్చుకోవాలి: మెరూన్ కాలమా, నీలం కాలమా, ఎల్‌హెచ్‌బీ అనే కొత్త తరహా బోగీల కాలమా. రైలు నెంబర్లు 2010 డిసెంబరు దాకా నాలుగంకెలే అన్నదీ గుర్తుండాలి.

తెలుగు ప్రాంతపు బండ్లలో బోగీ మీది ఊరి పేర్ల బోర్డులో హిందీ, ఇంగ్లీషుతోపాటు తెలుగు కూడా ఉంటుంది. పది సెం.మీ. అక్షరం హెచ్‌ఓలో 1.15 మి.మీ. ఆ ఎత్తులో వత్తులు, గుడులు కలిసిపోతాయి. గీతలు మందంగా ఉండి లోపలి ఖాళీలు విశాలంగా ఉన్న ఫాంటు ఎంచుకుని, 1200 డీపీఐలో అచ్చేస్తే ‘విశాఖపట్నం’లోని వత్తు కూడా నిలుస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో వత్తులు విడిపోతాయి కనుక, పేరు సరిగ్గా పడ్డాక దాన్ని ఆకృతిగా మార్చి భద్రపరచాలి. బోర్డుకు పసుపో తెలుపో నేపథ్యం ఉంటే తెల్ల కాగితం చాలు. తెల్ల ఇంకు చిక్కు ఇక్కడ లేదు.

నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పెట్టెలను 125 మార్కులకు అంచనా వేస్తుంది. రంగు, అక్షరాలకు 25, అసలుతో పోలికకు మరో 25. మెరిట్ అవార్డుకు 87.5 రావాలి. పోటీ సంగతి తర్వాత. కొత్తగా మొదలుపెట్టేవారు పెట్టె మొత్తం గీకి రంగు వేయాలని తొందరపడవద్దు. చవకైన పాత పెట్టె ఒకటి తీసుకోండి. నెంబరులో చివరి రెండు అంకెల మీద అతుకు రంగు వేసి, దాని మీద గ్లాస్ పూత కొట్టి, రెండు కొత్త అంకెలు అద్ది, పైన మాట్ పూత కొట్టండి. గ్లాస్, డెకాల్, మాట్ అనే క్రమమంతా ఆ రెండు అంకెల్లోనే చేతికి వస్తుంది.